వాపసు తీసుకున్న పేర్లు

పటాన్‌చెరులో రాజారావు పెట్టిన ఫౌండ్రీకి బోర్డు మీద రాయించిన పేరు బేతనియ ఐరన్ ఫౌండ్రీ. ఆ పేరు పలికే ఓపిక చుట్టుపక్కల ఎవరికీ లేకపోయింది. అందరూ ప్రార్థన కంపెనీ అనేవాళ్ళు. బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి ప్రార్థన కంపెనీ ఎక్కడని అడిగితే మేకలు కాసుకునేవాడు కూడా వేలు చూపించేవాడు.

అది డెబ్భై ఆరో సంవత్సరం. షెడ్డు ఒకటి, ఇనుము కరిగించే బట్టీ ఒకటి, పనివాళ్ళు ఇరవై ఇద్దరు. ఇసుకలో అచ్చులు తీసి పంపు బాడీలు, వాల్వు మూతలు పోసేవాళ్ళు. పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర వేలాడే రైలుపట్టా ముక్క మీద సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టగానే అందరూ ఇసుక కుప్పల మధ్య వచ్చి నిలబడేవాళ్ళు. రాజారావు చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, పది నిమిషాలు ప్రార్థన చేసేవాడు. నిర్బంధం ఏమీ లేదు, రానివాణ్ణి ఒక్క మాట అనేవాడు కాదు. అయినా మానేసినవాడు లేడు. జీతం ఇచ్చేవాడు కళ్ళు మూసుకుని నిలబడితే పక్కకు తప్పుకునే ధైర్యం ఎవడికుంటుంది? ఈ చిన్న సంగతి ఆయనకు తట్టలేదు. ప్రేమ కొద్దీ వస్తున్నారనుకున్నాడు.

ఆయనది రేపల్లె దగ్గర పల్లె. తండ్రి లూథరన్ మిషన్‌లో ఉపదేశి. ఆయన సాయంత్రాలు పేటలో గుడిసె గుడిసెకూ వెళ్ళి పేరుపేరునా ప్రార్థన చేసేవాడు. తమ పేరు దేవుడి చెవిన పడిందంటే ముసలమ్మలు కళ్ళొత్తుకునేవాళ్ళు. ఎవరి పేరైనా మరిచిపోతే వాళ్ళు అలిగి వారం రోజులు మాట్లాడేవాళ్ళు కాదు. రాజారావుకు తండ్రి దగ్గర నుంచి పొలం రాలేదు, పుట్ర రాలేదు, ఆ పేర్లు చెప్పే అలవాటు ఒక్కటే వచ్చింది.

లింగంపల్లి వైపు ప్రభుత్వ కర్మాగారంలో పన్నెండేళ్ళు ఫోర్‌మన్‌గా చేసి, భార్య కమలాకుమారి పోయిన ఏడాదికి ఉద్యోగం వదిలి ఈ ఫౌండ్రీ పెట్టాడు. పిల్లలు లేరు. ఆఫీసు వెనక గదిలోనే ఉండేవాడు. అన్నం ఒక గిన్నెలో, పప్పు ఒక గిన్నెలో తనే వండుకుని, రెండూ చల్లారిపోయాక తినేవాడు. ఆంధ్ర తెలంగాణ గొడవలు చల్లబడి అప్పటికి మూడు నాలుగేళ్ళే. ఊళ్ళో ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఇంటికి పిలవనూ లేదు. రోజు మొత్తంలో ఇరవై ఇద్దరి మధ్య నిలబడి వాళ్ళ పేర్లు పలికే ఆ పది నిమిషాలే ఆయనకు సంసారం.

ఫౌండ్రీ తనది కాదని, దేవుడిదని, తాను గృహనిర్వాహకుణ్ణి మాత్రమేనని ఆయన గట్టిగా నమ్మాడు. నమ్మినట్టే నడిచాడు కూడా. బట్టీకి కావలసిన కోకు బొగ్గు పర్మిట్ కోసం ఎవరి చేతులూ తడపలేదు. ఆదివారం బట్టీ వెలిగించలేదు. శనివారం జీతాలిచ్చాక ప్రతివాణ్ణీ, నీకేమైనా కష్టం ఉందా అని అడిగేవాడు. ప్రతివాడూ ఏం లేదు సారూ అనేవాడు. అందరూ సుఖంగా ఉన్నారని ఆయన దేవుడికి వందనాలు చెప్పుకునేవాడు. అడిగేవాడంటే లోకువ అంటారు గానీ, అడిగినా జవాబు రానివాడి కంటే లోకువైనవాడు లేడు.

కమల ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. గుడి నుంచి ఇంటికి నడుస్తూ ఆమె ఒకసారి, మీరు ప్రార్థనలో దేవుడికి చెబుతున్నారా, జనానికి చెబుతున్నారా అని అడిగింది. ఆయన నవ్వేశాడు. ఆమె పోయాక అలా అడిగేవాళ్ళు లేరు, నవ్వేయవలసిన అవసరమూ రాలేదు.

ఆ ఏడాది వేసవిలో ఇసుక జల్లించే వెంకటనారాయణకు విషజ్వరం వచ్చింది. రాజారావు వరసగా తొమ్మిది రోజులు అతని పేరు చెప్పి ప్రార్థించాడు. మందులు కొనిచ్చాడు. పదో రోజు వెంకటనారాయణ చనిపోయాడు. రాజారావు షెడ్డులో అందరి ముందూ ఏడ్చాడు. పనివాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. తనతో కలిసి దుఃఖపడుతున్నారనుకుని ఆ పూట ఆయన మనసు కాస్త కుదుటపడింది.

అచ్చులు తీసే పెద్ద మోల్డరు ప్రహ్లాద్. కొండాపూర్ పక్క ఊరు, యాభై దాటిన మనిషి. సికింద్రాబాదులో పోత పని నేర్చాడు. కరిగిన ఇనుము రంగు చూసి, ఇగ పోయుండ్రి అని అతను అనాలి, అప్పుడే లేడిల్ అనే పెద్ద గరిటె వంచాలి. ఎర్రగా ఉన్నప్పుడు పోస్తే అచ్చు మూలలకు ఇనుము చేరదు. మరీ తెల్లబడితే ఇసుక కాలిపోతుంది. అచ్చు ఎక్కడ తడిగా ఉందో కూడా ఇసుక రంగును బట్టే చెప్పేవాడు. ఫౌండ్రీ అంతా అతని కళ్ళ మీద నడిచేది.

జూన్ నెలాఖరున, ఒక గురువారం మధ్యాహ్నం, పోత జరుగుతుండగా అచ్చు పేలింది. ముందు రోజు పడ్డ వానకు పైకప్పు రేకు కారి ఒక మూల ఇసుక చెమ్మగిల్లింది. ప్రహ్లాద్ దాన్ని చూడలేదు. తడి ఇసుకలోకి ఇనుము దిగగానే ఆవిరి ఎగదన్ని, కరిగిన లోహం అతని ఎడమ పాదం మీద పడింది. రాజారావు తన జీపులోనే సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడుగునా ప్రహ్లాద్ పళ్ళు బిగబట్టి ఉన్నాడు గానీ ఒక్కసారి అరవలేదు.

డాక్టరు కట్టు కట్టి బయటికి వచ్చి, రోజూ కట్టు మార్చకపోతే కాలు తీసేయవలసి వస్తుందన్నాడు. తర్వాత మామూలుగా, రెండు కళ్ళలోనూ పొరలు బాగా ముదిరాయి, ఇతన్ని నిప్పు దగ్గర ఎలా నిలబెట్టారండీ అని అడిగాడు.

రాజారావు జీపు తిప్పాడు. తిరిగి వచ్చి సూపర్‌వైజరు బాపిరాజును నిలదీస్తే, భీమవరం మనిషి, మొహమాటస్తుడు, నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. ఏడాది నుంచి ప్రహ్లాద్‌కు చూపు ఆనడం లేదు. లేడిల్ పట్టేవాళ్ళు పక్కన నిలబడి ఇనుము రంగు చెవిలో చెబుతున్నారు. ఇరవై ఒక్క మందికీ తెలుసు. తెలియనిది యజమానికి ఒక్కడికే. ఎందుకు చెప్పలేదంటే మాత్రం బాపిరాజు పెదవి విప్పలేదు.

శుక్రవారం పొద్దున రాజారావు ఎన్నడూ చేయనంత సేపు ప్రార్థన చేశాడు. ప్రహ్లాద్ పేరు పదిసార్లు చెప్పాడు, అతని పాదం గురించి, అతను దాచుకున్న కళ్ళ గురించి దేవుణ్ణి వేడుకున్నాడు. శనివారం బత్తాయిలు పట్టుకుని దవాఖానకు వెళితే మంచం ఖాళీగా ఉంది. నిన్న సాయంత్రం పెండ్లాం వచ్చి గోల చేసి తీసుకుపోయిందని నర్సు చెప్పింది. ఊరికి వెళితే ఇంటికి తాళం. పక్కింటివాళ్ళు తలుపు సగం తీసి, తెలియదని మళ్ళీ వేసుకున్నారు. సోమవారం పనికి పదమూడు మందే వచ్చారు. ప్రహ్లాద్ ఎక్కడని అడిగితే పదమూడు మందీ, శనివారాలు ఏం లేదు సారూ అన్నట్టే, తెల్వది సారూ అన్నారు.

ఆ మధ్యాహ్నం గేటు బయట మల్లవ్వ ఆయన్ని పిలిచింది. ఆమె ప్రహరీగోడకు ఆనించి పొయ్యి పెట్టుకుని మూడేళ్ళుగా జొన్నరొట్టెలు, చాయ్ అమ్ముకుంటున్నది. ఆమె రొట్టెలు తినని పనివాడు లేడు, ఆమెతో మాట్లాడిన యజమాని లేడు. రాజారావు మొదటిసారి వెళ్ళి ఆ పొయ్యి పక్కనున్న రాయి మీద కూర్చున్నాడు.

"సారూ, నీకు కోపమొస్తె రానియ్యి," అన్నది మల్లవ్వ. "ప్రహ్లాద్ ఏడున్నడో నాకెర్క. గది తర్వాత చెప్త. ముందుగాల ఒకటి ఇను. మా ఊర్ల ఎవలన్న కోడిని ఎత్కపోతె, పొలం గట్టు జరిపితె, మైసమ్మ కాడికి పోయి వాని పేరు చెప్తం. వాని సంగతి నువ్వే జూడు తల్లీ అంటం. దేవుని కాడ పేరు చెప్పుడంటె మాకు గదే. నువ్వు దినాం పొద్దుగాల నీ దేవునికి పేర్లు చెప్తున్నవు."

రాజారావు తాను వాళ్ళ మంచి కోరే చెబుతున్నానని అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అది నీకెర్క. వాళ్ళకెట్ల ఎర్క? వెంకటనారాయణ పేరు తొమ్మిది దినాలు చెప్తివి. పదో దినం పోయిండు. ఇగ జరమొచ్చినా, దెబ్బ తాకినా, కండ్లు పోయినా నీకెవలు చెప్తరు? చెప్తె తెల్లారి పేరు పడ్తది గదా."

ఇన్నాళ్ళూ ఒక్కరూ తనతో ఈ మాట ఎందుకనలేదని అడిగాడు ఆయన.

"నీ జీతం తినేటోళ్ళు ఎట్లంటరు? నేను గోడ అవుతల ఉన్న. నా రొట్టె నేను కాల్చుకుంట." మల్లవ్వ పెనం మీది రొట్టె తిప్పింది. "ప్రహ్లాద్ అత్తగారింట్ల ఉన్నడు. కాలు వాసన గొడ్తున్నదంట. పసరు కడ్తున్నరు. దవాఖానకు తీస్కపొమ్మంటె ఆయన పెండ్లాం సరస్వతి ఒప్పుకుంటలేదు. సారు దేవుడు పేరు వట్టుకొని ఎతుకుతున్నడు, దవాఖానల దొరుకుతడు అంటది. నువ్వు ఆయన పేరు వాపసు తీస్కో. అందరు ఇనంగ తీస్కో. లేకుంటె మనిషి దక్కడు."

రాజారావు లేచి, జీపు సంగతే మరిచి, నేరుగా సంగారెడ్డి బస్సెక్కాడు. అక్కడి పాస్టరు మంచివాడు, పెద్దవాడు. సంగతంతా విని, మూఢనమ్మకానికి తల వంచితే మన సాక్ష్యం ఏమవుతుంది, ఓపిక పట్టు, వాళ్ళే తెలుసుకుంటారు అన్నాడు. వారం కిందట ఎవరైనా అడిగితే రాజారావు కూడా అదే చెప్పి ఉండేవాడు. తనకు తెలిసిన జవాబే మళ్ళీ వినడానికి ఇంత దూరం వచ్చానని తిరుగు బస్సులో ఆయనకు అర్థమైంది. పాస్టరు ఆ షెడ్డులో నిలబడలేదు. మల్లవ్వా నిలబడలేదు. అయితే మల్లవ్వ గోడ అవతల నుంచి మూడేళ్ళు విన్నది.

గదికి వచ్చి మోకరించాడు. మాట రాలేదు. ఒక మనిషి పేరు దేవుడి దగ్గర నుంచి వెనక్కి తీసుకోవడమంటే ఏమిటి? ఆ మనిషిని చూడవద్దని దేవుడికి చెప్పడమే కదా. తండ్రి వింటే ఏమంటాడు? ఆలోచన అంతటితో ఆగలేదు. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో కమల మంచం పక్కన ఇరవై ఆరు రోజులు ఆమె పేరు చెప్పి ప్రార్థించాడు. ఇరవై ఏడో రోజు ఆమె పోయింది. వెంకటనారాయణ లెక్కను ఆ పనివాళ్ళు ఎలా కట్టారో అలాగే దీన్నీ కట్టవచ్చు. అది తప్పు లెక్కని ఆయనకు తెలుసు. తెలిసినా భయం వేసింది. తనకే ఇంత భయం వేస్తే వాళ్ళకెంత వేసి ఉంటుందో మొదటిసారి తెలిసింది. పక్కన కూర్చుని అవునో కాదో చెప్పే మనిషి మాత్రం లేదు.

మంగళవారం పొద్దున రైలుపట్టా మోగింది. పదమూడు మందీ వచ్చి నిలబడ్డారు. గేటు దగ్గర మల్లవ్వ పొయ్యి వదిలి వచ్చి నిలుచుంది. రాజారావు చెప్పులు విడిచాడు గానీ కళ్ళు మూసుకోలేదు. ఇన్నేళ్ళలో ప్రార్థన సమయంలో వాళ్ళ ముఖాలు ఆయన చూసింది అదే మొదలు. ఒక్కొక్కడూ దెబ్బ పడబోతున్నట్టు భుజాలు ముడుచుకుని ఉన్నాడు. బాపిరాజు కూడా అలాగే ఉన్నాడు.

"ప్రభువా, ఈ షెడ్డులో నిలబడి నేను నీకు చెప్పిన పేర్లన్నీ వాపసు తీసుకుంటున్నాను," అన్నాడు. "ప్రహ్లాద్ పేరు వాపసు తీసుకుంటున్నాను. వీళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇకమీదట వీళ్ళెవరి పేరూ నీ దగ్గర పలకను. తప్పుంటే అది నాది."

ఆమెన్ అనబోతే నోరు రాలేదు. పనివాళ్ళు తలలెత్తి ఆయన్ని చూశారు. కాసేపటికి ఒకడు పార అందుకున్నాడు, తక్కినవాళ్ళూ కదిలారు.

మధ్యాహ్నానికి సరస్వతికి కబురు అందింది. సాయంత్రానికి ప్రహ్లాద్‌ను బండిలో సంగారెడ్డి చేర్చారు. రాజారావు బయలుదేరబోతే మల్లవ్వ వద్దన్నది. నువ్వు పోతె మళ్ళ బెదురుతరు, ఊకె ఉండు అన్నది. పిలవని పేరంటంలా అయినా సరే వెళ్ళాలని ఆయన కాళ్ళు లాగాయి. వెళ్ళలేదు. రెండు వేళ్ళు తీసేశారు, పాదం నిలబడింది. తర్వాత హైదరాబాదులో కళ్ళకు ఆపరేషన్ చేయించే ఏర్పాటంతా బాపిరాజు చేతుల మీదుగా జరిగింది. ఎవరు చేయిస్తున్నారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

ఆ తర్వాత పట్టా మోగగానే ఎవరి పనిలోకి వాళ్ళు పోయేవాళ్ళు. మొదటి వారం ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండో వారం లేడిల్ పట్టేవాడొకడు ఆఫీసు గుమ్మంలో నిలబడి, తూర్పు దిక్కు రేకులు రెండేండ్ల నుంచి కారుతున్నయి సారూ అన్నాడు. మరునాడు ఇంకొకడు వచ్చి గొలుసు కొక్కెం అరిగిందన్నాడు. మూడోవాడు నడుం నొప్పి చెప్పాడు. ఇన్నేళ్ళ ప్రార్థనలో బయటపడని సంగతులు ఒక్క నెలలో బయటపడ్డాయి. రాజారావు ప్రతి శనివారం వెళ్ళి మల్లవ్వ పొయ్యి దగ్గర రాయి మీద కూర్చుని, గోడ అవతల ఏం వినిపిస్తున్నదో అడిగేవాడు. ఆమె దాచకుండా చెప్పేది. అందులో సగం ఆయనకు రుచించేది కాదు. రుచించని సగమే పనికొస్తున్నదని ఒప్పుకోవడానికి దసరా దాకా పట్టింది. పోతలో పాడైన సరుకు తగ్గింది. కొనేవాళ్ళు ఏం మంత్రం వేశారని అడిగితే మంత్రం మానేశానని చెప్పలేక ఊరుకున్నాడు.

ఫౌండ్రీ బాగుపడింది, మనిషి మాత్రం ఇంకా ఒంటరివాడయ్యాడు. ఇచ్చిన మాట మాటే గనక, తలుపులు వేసుకున్న గదిలో కూడా ఆ ఇరవై ఒక్క మంది పేర్లు ఆయన నోట రాలేదు. ఆదివారం సంగారెడ్డి గుడిలో, ప్రార్థించవలసిన పేర్లు చెప్పండని పెద్దలు అడిగేవాళ్ళు. అందరూ చెప్పేవాళ్ళు, ఈయన వంతు రాగానే తల అడ్డంగా ఊపేవాడు. నోటితో చెప్పకపోయినా దేవుడికి తెలుసని సిద్ధాంతం ఉంది. అది ఆయనకు చిన్నప్పుడే కంఠతా వచ్చు. కానీ సిద్ధాంతం పక్కన కూర్చుని తోడుగా అన్నం తినదు కదా. ఎనిమిదింటికి పట్టా మోగిన ప్రతిసారీ ఆయన కాళ్ళు వాటంతటవే షెడ్డు వైపు రెండడుగులు వేసి ఆగేవి.

దీపావళి వెళ్ళిన వారానికి ప్రహ్లాద్ వచ్చాడు. మందమైన కళ్ళద్దాలు దారంతో తలకు కట్టుకుని, కుంటుకుంటూ ఆఫీసులోకి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. రాజారావు కుర్చీ చూపించినా కూర్చోలేదు. కళ్ళెలా ఉన్నాయని అడగబోయి, అడగవచ్చో కూడదో తేలక, రాజారావు బల్ల మీది కాగితాలు సర్దాడు. అవతలివాడి క్షేమం అడగడానికి కూడా వెనకాడే స్థితి వచ్చిందని ఆయనకు దుఃఖం వచ్చింది.

"సారూ, ఒక మాట చెప్పి పోదామని వచ్చిన," అన్నాడు ప్రహ్లాద్. "దవాఖాన నుంచి తీస్కపోయినంక మా సరస్వతి కోడిని పట్టుకొని మైసమ్మ కాడికి బయలెల్లింది. మీ పేరు చెప్తనన్నది."

రాజారావు తలెత్తాడు. "చెప్పిందా?"

"నేను చెప్పనియ్యలే. కాలు ఈడ్చుకుంట పోయి దర్వాజకు అడ్డం పండుకున్న. దాటి పోతె పో అన్న. పోలే, ఆడనే కూలవడి ఏడ్చింది." ప్రహ్లాద్ గొంతు తగ్గించాడు. "సరస్వతీ, నా పేరు పడ్తె నువ్వు ఉరికొచ్చి నన్ను దాచినవు. ఆ సారు పేరు పడ్తె దాచెతందుకు ఎవరున్నరే ఆయనకు, అని అడిగిన."

రాజారావు చేతిలోని కాగితాలు వదిలేశాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రహ్లాద్ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన చేతులు దించేదాకా ఎదురుగా కూర్చున్నాడు.